గడ్డల మడి డైరీ: ఆదిమ ఆహారంలో కందకు చోటుందా?

గంగ జాతర తర్వాతి వారం

చంద్రగిరి దాటాక మా మేనత్త వాళ్ల మామిడి తోట ఉంది. అక్కడ బావి పక్కన బీడుగా పడి ఉన్న చెక్కను మడులు కట్టాం. ఒకదానిలో కంద, ఇంకొకదానిలో చేమ, తీగ పాకించడానికి వీలుగా గట్టు వెంట పెండలం, మిగిలిన జాగా అంతా చిలగడదుంప. బంగాళాదుంప వేయలేదు. ఇక్కడి ఎండకు అది ఊరదు, పైగా దాని కేసు వేరు.

ఈ పనికంతా కారకుడు మా బావ. షుగరు గీత దాకా వచ్చిందని డాక్టరు హెచ్చరించినప్పటి నుంచి ఆదిమ ఆహారం (ఇంగ్లీషులో పేలియో డైట్) పట్టుకున్నాడు. సేద్యం పుట్టకముందు, అంటే రమారమి పదివేల ఏళ్లకు పూర్వం, మనిషి ఏం తిన్నాడో అదే ఒంటికి పడుతుందన్నది దాని సూత్రం. వరి, గోధుమ, రాగి వద్దు. కంది, పెసర, వేరుశనగ వద్దు. పాలు, పెరుగు వద్దు. 1985లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు అమెరికన్లు పేరున్న వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో ఈ వాదానికి పెద్దరికం వచ్చింది. 2002లో లోరెన్ కార్డెయిన్ అనే అమెరికన్ రాసిన పుస్తకంతో ఇళ్లలోకి దిగింది. ఆయన బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం, పెండలం అన్నింటినీ కట్టగట్టి వద్దన్న వరుసలో పెట్టాడు.

చిక్కేమిటంటే బావ మాంసం ముట్టడు. అన్నం, పప్పు, పెరుగు మూడూ ఎత్తేశాక చిత్తూరు వైపు శాకాహారి విస్తట్లో ఏం మిగులుతుంది? ఆకుకూర, కాయగూర, కొబ్బరి, గుప్పెడు జీడిపప్పు. గుడ్డు తింటాడు గాని అదీ అత్తకు తెలియకుండా, రేణిగుంటలో ఆఫీసు దగ్గర. మనిషి చిక్కిపోయాడు, సాయంత్రమయ్యేసరికి చిరాకు. ‘‘గడ్డలైనా తిను బావా’’ అంటే, ‘‘అది పిండి పదార్థం, జాబితాలో లేదు’’ అన్నాడు.

నేను ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పేవాణ్ని. ఎవరో ఒకరు రాసిన జాబితాను వేదంలా చదివితే నాకు ఒళ్లు మండుతుంది. పండించి, వండి, తిని తేల్చుకుందాం అన్నాను. అత్త విత్తనం కంద ఇచ్చింది. కాస్త ఎగతాళి కూడా ఇచ్చింది.

జూన్, తొలి వానలు

కంద ముక్కలు అరకిలో చొప్పున, ప్రతి ముక్కకూ నడిబొడ్డున ఉండే మొలక భాగం కొంత వచ్చేలా కోశాం. పేడనీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి, మూరెడు లోతు గుంతల్లో పశువుల ఎరువు వేసి పెట్టాం. చిలగడదుంప తీగ ముక్కలు జానెడున్నర. పెండలానికి రాటలు పాతాం. చేమ గురించి రాయడానికేం లేదు, నీళ్లుంటే అదే వస్తుంది.

బజారులో కొన్న కంద ఒకటి పక్కన పెట్టాను. అది గజేంద్ర రకం. అప్పటి పశ్చిమ గోదావరిలోని కొవ్వూరు వైపు నుంచి ఎంపిక చేసి విడుదల చేసినది, దురద దాదాపు లేకుండా ఉంటుందని దానికి పేరు. అత్త ఇచ్చింది నాటు కంద. కోస్తుంటేనే మణికట్టు దాకా దురద పెట్టింది. ఈ రెండూ పోల్చాల్సి వస్తుందని నాకు అప్పుడే అనిపించింది.

జూన్ చివర

మొలకలు వచ్చేదాకా కాగితం పని చేశాను. 100 గ్రాముల పచ్చి చిలగడదుంపలో పిండిపదార్థం దాదాపు 20 గ్రాములు. బంగాళాదుంపలో 17 దాకా, చేమలో 26 దాకా, కర్రపెండలంలో 38. మనం రోజూ తినే వండిన అన్నంలో 28. అన్నింటికంటే ఎక్కువ తిట్లు తిన్న బంగాళాదుంపే ఈ వరుసలో అడుగున ఉంది! బావకు చూపించాను. ‘‘పిండి ఒక్కటే కాదు, అది మన పూర్వీకులు చూడని దుంప’’ అన్నాడు.

ఆ మాట నిజమే. బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం మూడూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు వాళ్ల కాలంలో ఓడలెక్కి వచ్చినవి. కంద, చేమ, పెండలం మాత్రం ఆసియావి. కానీ ఈ లెక్కన పోతే బావ రోజూ తినే టమోటా, క్యాప్సికం, ఆ జీడిపప్పు కూడా అమెరికావే. అవెందుకు జాబితాలో ఉన్నాయి? జవాబు రాలేదు.

ఆడికృత్తిక సెలవు

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకోవాలి.

బంగాళాదుంప తురిమి, నీళ్లలో పిసికి, గుడ్డలో వడగట్టి, తెల్లటి పిండి అడుగున పేరుకునే దాకా ఉంచి పైనీళ్లు వంపేశాను. ఆ పిండి అర చెంచా చొప్పున రెండు గాజు గ్లాసుల్లో. ఒకదాన్ని నీళ్లతో కాచి పలచటి గంజి చేసి, గోరువెచ్చగా చల్లార్చాను. రెండోది పచ్చిపిండి, చల్లని నీళ్లు. ఇప్పుడు కావలసింది ఎంగిలి. బావ నోరు పుక్కిలించి, ‘‘సైన్సు కోసం ఇంత దిగజారాలా’’ అంటూ రెండు గ్లాసుల్లోనూ ఉమ్మాడు.

తెల్లటి పింగాణీ పళ్లెం మీద అయోడిన్ చుక్కలు వరుసగా పెట్టి, కొద్ది నిమిషాలకోసారి రెండు గ్లాసుల నుంచీ ఒక్కో బొట్టు వాటిలో కలుపుతూ వచ్చాను. మొదట రెండూ సిరా నీలం. రెండో వరుసకే గంజి బొట్టు వంకాయ రంగులోకి దిగింది. తర్వాత ఎర్రటి గోధుమ. ఆ తర్వాత అయోడిన్ ఎలా ఉందో అలాగే, పసుపు గోధుమ రంగు. అంటే పిండి లేదు, చిన్న చక్కెరలుగా తెగిపోయింది. పచ్చిపిండి గ్లాసు నుంచి తీసిన బొట్టు మాత్రం చివరి వరుస దాకా నీలంగానే ఉంది. బావ పళ్లెం ఎత్తి కిటికీ వెలుతురులో రెండుసార్లు చూశాడు.

పచ్చి గడ్డలో పిండి గట్టి రేణువులుగా ఉంటుంది, మన లాలాజలంలో పిండిని తెంపే అమైలేజ్ అనే ఎంజైము దానిలోకి సులభంగా చొరబడలేదు. 60–70 డిగ్రీల వేడికి ఆ రేణువులు నీళ్లు తాగి ఉబ్బి విచ్చుకుంటాయి. అప్పుడిక నోట్లోనే పని మొదలవుతుంది. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ అమైలేజ్ తయారుచేసే జన్యువు మనలో చాలామందికి ఒకటికి రెండు మూడింతలు ప్రతులుగా ఉంటుంది. 2007లో జార్జ్ పెరీ బృందం పిండి ఎక్కువ తినే సమూహాల్లో ఆ ప్రతులు సగటున ఎక్కువని చూపింది. 2024లో వచ్చిన ఒక పరిశోధన, ఈ జన్యువు మొదట రెట్టింపు కావడం 8 లక్షల ఏళ్ల కిందటే జరిగి ఉండవచ్చని అంచనా వేసింది. వరి నారు పోయడానికి ఎన్నో వేల తరాల ముందు మాట. గడ్డల పిండి మన ఒంటికి కొత్త అని వాదించేవాళ్లు ముందు తమ ఉమ్మికి జవాబు చెప్పుకోవాలి.

బావ ఒప్పుకున్నాడా? లేదు. ‘‘అయితే నిప్పు ఎప్పటినుంచి?’’ అన్నాడు. మంచి ప్రశ్నే. దాన్ని కనుమ నాటికి వాయిదా వేశాం.

శ్రావణం, పందుల రాత్రి

అడవి పందులు పడ్డాయి. శేషాచలం అంచున సేద్యం చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. చిలగడదుంప మడిలో సగం మట్టిగడ్డల కుప్ప అయింది, ఊరీ ఊరని వేళ్లను కూడా నమిలి ఉమ్మేశాయి. చేమను తొక్కాయి గాని తవ్వలేదు. కంద గుంత ఒకదాన్ని మూతితో పెళ్లగించి, ముక్కను కొంచెం కొరికి వదిలేశాయి. కేరళ వైపు రైతులైతే కందనూ పందులు వదలవంటారు. కాబట్టి ఒక్క రాత్రి చూసి సిద్ధాంతం కట్టను. కానీ ఆ కొరికి వదిలిన ముక్క నాకు మంచి పాఠం. కందలోనూ చేమలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల కట్టల్లా ఉంటాయి, నోటికి తగిలితే గుచ్చుకుంటాయి. గడ్డ అనేది మొక్క రేపటికి దాచుకున్న తిండి, ఊరికే ఎవరికీ ఇవ్వదు. దాన్ని తినాలంటే నిప్పో, పులుపో, పారే నీళ్లో కావాలి.

పక్క తోటకు కాపలా ఉండే యానాది పెద్దాయన తెల్లారి వచ్చి నష్టం చూశాడు. మాటల్లో అడవి గడ్డల సంగతి కదిలింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కొండెక్కి తవ్వేవాడట. ఎండిన తీగ తుంపు నేల మీద కనిపిస్తే చాలు, కింద గడ్డ ఎంత లోతులో ఉందో చెప్పేవాళ్లట. ‘‘అయిదాకుల తీగకు భయం లేదు సార్. మూడాకుల తీగలో తినేదీ ఉంది, మనిషిని పడేసేదీ ఉంది. చూపించేవాళ్లు లేకుండా ముట్టుకోకూడదు.’’ విషపు గడ్డను సన్నగా కోసి, బుట్టలో పెట్టి, పారే వాగులో రోజుల తరబడి ఉంచేవాళ్లట. మంచి గడ్డనైనా తల భాగం తీగతో సహా గుంతలోనే వదిలి మట్టి కప్పేవాళ్లు, మళ్లీ ఏడాదికి ఊరడానికి.

‘‘రుచి ఎలా ఉండేది పెద్దాయనా?’’ అన్నాను.

‘‘ఆకలికి బాగుండేది’’ అన్నాడు. ‘‘గడ్డ ఒక పాలైతే రాళ్లు తొమ్మిది పాళ్లు. తేనె దొరికిన నాడు గడ్డ ఎవడు తవ్వాడు?’’

టాంజానియాలో ఎయాసి సరస్సు దగ్గర ఇప్పటికీ వేట, సేకరణ మీద బతికే హాడ్జాలను పరిశోధకులు ఏది ఇష్టమని అడిగితే, తేనెను అన్నింటికంటే పైన, గడ్డలను అట్టడుగున పెట్టారు. 2009లో మార్లో, బెర్బెస్క్ ఇది ప్రచురించారు. అయినా హాడ్జా ఆడవాళ్లు తవ్వుకోలలు పట్టుకుని గడ్డల కోసం వెళుతూనే ఉంటారు. వేట దొరకని రోజులుంటాయి, తేనె దొరకని నెలలుంటాయి. గడ్డ మాత్రం నేలలోనే ఉంటుంది. వాళ్ల గడ్డలు మన చిలగడదుంపలు కావు. పీచు మయం, నమిలి పిప్పి ఊసేయాలి.

పెద్దాయన చెప్పిన అడవి గడ్డ ఒకటి రుచి చూడాలని బావకు మహా సరదా. కుదరదన్నాను. కొండ మీద శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది, 2010 నుంచి శేషాచలం మొత్తం జీవావరణ రిజర్వు. మన ప్రయోగం కోసం అక్కడ పార పెట్టేది లేదు.

మహాలయ పక్షం

అత్త వాళ్ల ఇంట్లో మామయ్య తండ్రిగారి తద్దినం. వంట చేసే ఆయన పొద్దున్నే తెచ్చిన కూరల సంచి చూసి నాకు నవ్వాగలేదు. అరటికాయ, కాకరకాయ, చేమ, కంద, అల్లం, మిరియాలు. బంగాళాదుంప లేదు, టమోటా లేదు, పచ్చిమిర్చి లేదు, క్యాబేజీ లేదు. మొన్న మొన్న వచ్చినవేవీ పెద్దల విస్తట్లోకి రావు. ‘‘బావా, నువ్వు ఇంగ్లీషులో వెతుకుతున్న జాబితా ఇదిగో. పూర్వీకులు నిజంగా భోజనానికి వచ్చేది ఇక్కడికే’’ అన్నాను. అత్త కసిరింది, నవ్వకుండా ఉండలేకపోయింది కూడా.

అయితే చిల్లు ఇందులోనూ ఉంది. అదే సంచిలో చిలగడదుంప ఉంది! అమెరికా దుంప. చాలా ఇళ్లలో తద్దినానికి పనికొస్తుందంటారు. శివరాత్రి ఉపవాసానికీ అదే. తియ్యగా, మెత్తగా ఉండి, దురద పెట్టకుండా ఉంటే నాలుగు వందల ఏళ్లకు ఏ దుంపైనా బంధువైపోతుంది కాబోలు. ఇక ఆ విస్తట్లో మినుము గారెలు, అన్నం, నెయ్యి ఉన్నాయని బావ గుర్తు చేశాడు. అవును, మన పూర్వీకులు సేద్యగాళ్లు. ఎంత వెనక్కి వెళ్లి ఆగాలన్నది ఎవరికి వాళ్లు గీసుకునే గీత. బావ గీత రాతియుగం దగ్గర ఉంది, అంతే.

కార్తికం

పందులు మిగిల్చిన చిలగడదుంప తీశాం. బాగానే ఊరాయి.

బావ ఆఫీసు రేణిగుంటలో కావడం ఈ డైరీకి కలిసొచ్చింది. అక్కడ 1960లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి పాత రాతియుగపు చివరి దశకు చెందిన పనిముట్లు గుర్తించారు. సన్నటి రాతి బ్లేడ్లు, చెక్కడానికి వాడే మొన రాళ్లు. 1968లో ఆయన వ్యాసం వచ్చింది. ఆ తర్వాత ఆయనే అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల వైపు గుహల్లో తవ్వకాలు జరిపి, ఎముక పనిముట్లు, జంతువుల ఎముకలు వెలికితీశారు. ఆ ప్రాంతపు చెంచుల, యానాదుల జీవనాన్ని కూడా గమనించి, పాతకాలపు బతుకును అర్థం చేసుకోవడానికి వాడుకున్నారు.

భోజన విరామంలో రైల్వే గేటు అవతలి ఎర్రనేల చూపించి బావతో ఇదే అన్నాను. ఇక్కడ నడిచిన మనుషుల చేతి రాళ్లు మిగిలాయి. గుహల్లో అయితే ఎముకలు మిగిలాయి. గడ్డ మిగలదు, కుళ్లిపోతుంది. తవ్వే కర్ర కూడా మిగలదు, చెద తినేస్తుంది. మిగిలినవి మాత్రమే చూసి బొమ్మ గీస్తే ఆదిమానవుడు బల్లెం పట్టుకున్న మాంసాహారిగానే కనిపిస్తాడు. గడ్డ తవ్విన ఆడమనిషి ఆ బొమ్మలో ఉండదు. ఎముకలు మిగలడం వల్ల పుట్టిన సిద్ధాంతాన్ని శాకాహారి నెత్తిన పెట్టుకోవడం చూస్తే నాకు జాలేస్తుంది. బావకు ఈ మాట నచ్చలేదు, కానీ ఆ రోజు గుడ్డు తినలేదు.

కనుమ

నిప్పుల గుంత. కంద ఆకులు పండి వాలిపోయాయి, పెండలం తీగ ఎండింది, ఇక తవ్వవచ్చు.

మోకాటి లోతు గుంత తీసి అడుగున గుండ్రాళ్లు పరిచాం. ఎండు రాళ్లే వాడాలి. వాగులో తడిసిన రాయి వేడికి పేలుతుంది, కళ్లు పోతాయి. పైన చింత మొద్దులు, మామిడి పుల్లలు వేసి రాళ్లు బూడిద రంగుకు వచ్చేదాకా మండించాం. నిప్పు పక్కకు లాగి, అరటి ఆకు పరిచి, గడ్డలు పేర్చి, మళ్లీ ఆకు, ఆ పైన మట్టి. పొద్దున మూసింది మధ్యాహ్నం భోజనాల వేళకు తెరిచాం.

చిలగడదుంప తోలు కింద పాకం కారి నల్లగా అంటుకుపోయి ఉంది. నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు దుంపలోని ఎంజైమే పిండిని మాల్టోజ్ చక్కెరగా మారుస్తుంది. అందుకే కుక్కర్లో ఉడికిన దానికంటే గుంతలో మగ్గినది తియ్యన. పెండలం పొడిపొడిగా, కమ్మగా వచ్చింది. నన్నడిగితే ఆ రోజు మొదటి బహుమతి దానిదే. చేమ బాగుంది, జిగురు తగ్గింది. గజేంద్ర కందను పిల్లలు కూడా తిన్నారు. నాటు కంద మాత్రం లోపల మెత్తగా ఉడికినా గొంతులో గీరింది. పొడి వేడికి ఆ స్ఫటికాలు లొంగలేదు. అత్త ఏమీ అనకుండా మిగిలిన ముక్కలు తీసుకెళ్లి, ఉడికించి ఆ నీళ్లు పారబోసి, చిక్కటి చింతపండు పులుసులో వేసింది. రాత్రికి అందరం సుఖంగా తిన్నాం.

బావ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే. దక్షిణాఫ్రికాలోని బోర్డర్ గుహలో బూడిద పొరల్లో కాలిన గడ్డలు దొరికాయి. హైపాక్సిస్ ప్రజాతివి, సుమారు 1,70,000 ఏళ్ల నాటివి. లిన్ వాడ్లీ బృందం 2020లో ప్రకటించింది. కుళ్లిపోవలసిన గడ్డ ఎవరో బూడిదలో మరిచిపోయి బొగ్గు కావడం వల్ల నిలిచింది. అంటే మన గుంత లాంటి పనే. బావ చేతిలో దుంప ఉంది, తోలు ఒలుస్తూ విన్నాడు. ‘‘సరే, గడ్డ పాతదే’’ అన్నాడు. మొదటిసారి.

మాఘం

ఒప్పుకున్నాక అసలు తగువు మొదలైంది. పాతదైతే మాత్రం నా షుగరుకు మంచిదా?

బావ దగ్గర రక్తంలో చక్కెర చూసే మిషను ఉంది. ఒకే తూకం చిలగడదుంప ఉడికించి తిన్న రోజు కంటే, గుంతలో మగ్గించినది తిన్న రోజు అంకె ఎక్కువ వచ్చింది. ఉడికించి రాత్రంతా చల్లబరిచినది తిన్న రోజు తక్కువ. చల్లారిన పిండిలో కొంత భాగం మళ్లీ గట్టిపడి అరగకుండా పేగు దాకా వెళుతుంది, కనుక ఇందులో వింత లేదు. ఒక్క మనిషి, ఒక్క మిషను. మా ఇంటికి తప్ప ఇది ఎవరికీ ప్రమాణం కాదు. మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని అనుకరించవద్దు.

పాపువా న్యూగినీలోని కితావా దీవి వాళ్ల గురించి కూడా చదివి వినిపించాను. పెండలం, చిలగడదుంప, చేమ, కొబ్బరి, చేపలు వాళ్ల తిండి. స్వీడన్ డాక్టరు స్టాఫాన్ లిండెబెర్గ్ బృందం 1989 ప్రాంతంలో వెళ్లి చూస్తే గుండెపోటు, పక్షవాతం దాదాపు కనిపించలేదు. పొగ తాగడం మాత్రం అక్కడ మామూలే. బావ వెంటనే ‘‘వాళ్లు పడవ తోసి, తోట తవ్వి తింటారు, నేను కుర్చీలో కూర్చుని తింటాను’’ అన్నాడు. ఈ ఏడాది మొత్తంలో ఆయన అన్న తెలివైన మాట ఇదే. కంద గుంతలు తవ్విన రోజుల్లో మిషను అంకెలు కూడా ఆ మాటనే బలపరిచాయి.

ఇప్పటికి కుదిరిన ఒప్పందం ఇది. చేమ పులుసు, కంద, పెండలం మధ్యాహ్నం విస్తట్లోకి వచ్చాయి, అన్నం స్థానంలోనే గాని అన్నంతో పాటు కాదు. చిలగడదుంప ఉడికించి చల్లార్చి, పొలం పని ఉన్న రోజున. బంగాళాదుంప మీద నాకు అభ్యంతరం లేదు, బావకు ఉంది, అత్తకు తద్దినం రోజు మాత్రమే ఉంది. నూనెలో వేయించిన చిప్సు ఎవరి జాబితాలోనూ లేవు. పెరుగు సంగతి ఇంకా తేలలేదు. ఆ పోరు అత్తది, నేను దూరను.

విత్తనానికి కంద ముక్కలు తీసి వరండాలో ఆరబెట్టాం. వచ్చే వేసవికి చిలగడదుంప మడి ఇంటి వెనక కంచె లోపలికి మారుతుంది, బావి పక్కన చెక్క మొత్తం పెండలానికే. నాటు కంద మళ్లీ వేస్తామంటే బావ వద్దన్నాడు, అత్త వేయాల్సిందే అంది. గుంతలు తీసేది బావే.